మూడు లెక్కల బావగారు

మా బావగారు దేన్నీ ఒక్క పద్ధతిలో లెక్కపెట్టి ఊరుకోరు. మూడు పద్ధతులు పడాల్సిందే.

"మూడేసిసార్లు ఎందుకండీ?" అని ఎవరైనా అడిగితే నొచ్చుకుంటారు. "మూడుసార్లు లెక్కపెట్టేవాడు మతిమరుపు మనిషి. నేను మూడు రకాలుగా లెక్కపెడతాను. ఈ తేడా తెలియకే లోకం ఇలా తగలడింది" అంటారు. లోకం ఏ మేరకు తగలడిందో మాత్రం చెప్పరు. ఆ లెక్క ఇంకా రెండో పద్ధతిలోనే ఉంది.

ఆయన ఉద్యోగం చేపల్ని లెక్కపెట్టడం. సముద్రం ఒడ్డున మా పరిశోధన కేంద్రం ఉంది. దాని కింద ఉన్న చిన్న అఖాతంలో, మోకాటిలోతు నుంచి రెండు నిలువుల లోతు దాకా ఉన్న నీళ్ళలో ఎన్ని చేపలు తిరుగుతున్నాయో ఏటా అంచనా కట్టే విభాగానికి ఆయన పెద్ద. అదే విభాగంలో నేను డైవర్ని. ఆయన మా అక్క భర్త కాబట్టి నాకు ఆ ఉద్యోగం వచ్చిందని ఆఫీసులో కొందరంటారు. అది అబద్ధం. నేను రాతపరీక్షలో మొదటివాణ్ణి. ఆ సంగతి చెప్పడానికి ఛాతీ విరుచుకుని వెళ్తే బావగారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "రాతపరీక్షా? అది ఒక్క పద్ధతేగా" అన్నారు.

ఇంట్లో ఆయనతో వేగడం మా అక్క వంతు. ఒకసారి మేనకోడలి పుట్టినరోజుకి ఇల్లంతా జనం. అక్క వంటింట్లోంచి గరిటెతో సహా బయటికొచ్చింది.

"ఏమండీ, ఎంతమంది వచ్చారు? ఇంకో గిన్నె వండాలా వద్దా?"

"చెప్పుల లెక్కలో ఇరవై ఆరు. కుర్చీల లెక్కలో ముప్ఫై ఒకటి. కంచాల లెక్కలో నలభై నాలుగు."

"మనుషుల లెక్క చెప్పండి మహానుభావా!"

"మనుషులు ఒకచోట ఉండరే. అదే కదా వచ్చిన చిక్కు."

ఆ తర్వాత అరగంట పాటు ఆయన ఆ తేడాని విడమరిచారు. చంకనెక్కి వచ్చిన పిల్లలకి చెప్పులుండవు కాబట్టి చెప్పుల లెక్క తక్కువ చూపిస్తుంది. కుర్చీల్లో ఐదింట్లో చేతిసంచులు కూర్చున్నాయి కాబట్టి ఆ లెక్క ఎక్కువ చూపిస్తుంది. ఇక కంచాల సంగతి. ఆ నలభై నాలుగులో మూడు నావే. నేను పదిమందిలో దొరికిపోయానని తలదించుకున్నాను. బావగారు నా వైపు ఒక క్షణం చూసి, "కంచాల పద్ధతిలో ఏదో లోపం ఉంది" అని ఊరుకున్నారు. ఈలోగా గిన్నె అడుగంటింది.

ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం ఇంకో పెద్ద పని. డాక్టరు మణికట్టు పట్టుకుని, "నాడి డెబ్బై రెండు. చక్కగా ఉంది" అంటే ఈయన చొక్కా గుండీ విప్పి, "మెడ దగ్గర కూడా చూడండి" అన్నారు. మెడ దగ్గర డెబ్బై నాలుగు వచ్చింది. "తేడా రెండు!" అని బావగారి ముఖం వెలిగిపోయింది. అప్పటికి బయట పదకొండుమంది రోగులు కూర్చుని ఉన్నారు. మూడో పద్ధతికి ఆయన డాక్టరుగారి మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగారు. దాంతో నాడి నూట పది దాటింది. డాక్టరుగారిది ఎంతయిందో ఎవరూ చూడలేదు.

మీరు గమనించారో లేదో, అందరూ లెక్కలు కలిస్తే సంతోషిస్తారు. మా బావగారు కలవకపోతే సంతోషిస్తారు. "తేడా ఎంత?" అని అడిగేటప్పుడు ఆయన కళ్ళల్లో మెరుపు చూడాలి. లెక్కలు కలిశాయంటే మాత్రం ఆయనకి అన్నం సయించదు. ఇంట్లో మూడు గడియారాలున్నాయి, మూడూ మూడు టైములు చూపిస్తాయి, ఆయన మధ్యదాన్ని నమ్ముతారు. ఒకరోజు మూడూ ఒకటే టైము చూపించాయి. "కూడబలుక్కున్నాయి" అని ఆయన రోజంతా ఇల్లంతా తిరిగారు. చివరికి అక్క ఒప్పుకుంది. పొద్దున దుమ్ము దులుపుతూ మూడిట్నీ తనే సరిచేసిందట. "అలా చెప్పు!" అని అప్పుడు గాని ఆయన కుదుటపడలేదు. తిరిగి మూడిట్నీ వాటి పాత టైములకి పెట్టి పడుకున్నారు.

ఉద్యోగంలో చేరిన మొదటిరోజు నాకు సముద్రం చూపిస్తారనుకున్నాను. ఆఫీసు వరండా చూపించారు.

"ఈ ఆఫీసులో మనుషులెంతమందో చెప్పు."

"హాజరుపట్టీ చూసి చెప్తానండి."

"చేపలకి హాజరుపట్టీ ఉంటుందా?"

లేదని ఒప్పుకున్నాను. అప్పుడు మూడు పద్ధతులు చెప్పారు. మొదటిది, వరండా రెండు చివర్లా తలుపులు మూసి లోపల చిక్కినవాళ్ళని లెక్కపెట్టడం. అది వల. రెండోది, వరండాలో ఈ చివర్నుంచి ఆ చివరికి నడుస్తూ, గది గదికీ ఆగి, కనిపించినవాళ్ళని రాసుకోవడం. అది డైవరు పని. మూడోది, టీ బల్ల దగ్గర కదలకుండా కూర్చుని, ఎవరెవరు వస్తారో చూడటం. అది ఎర కట్టి నీళ్ళ అడుగున పెట్టే కెమెరా.

తలుపులు మూస్తే పదకొండుమంది చిక్కారు. అందులో ఇద్దరు ఫ్యాను బాగుచేయడానికి వచ్చినవాళ్ళు. టీ బల్ల దగ్గర నాకు ఇరవై ఏడుగురు లెక్కకొచ్చారు. బావగారు కాగితం చూసి, "గుమాస్తా ఎన్నిసార్లు వచ్చాడు?" అన్నారు.

"ఏడుసార్లండి."

"అయితే మనకి ఏడుగురు గుమాస్తాలున్నారన్నమాట. ఒక్కడితోనే చస్తున్నాం! టీ బల్ల దగ్గర ఒక్క చూపులో గరిష్ఠంగా ఎంతమంది కనిపించారో అదే రాయాలి. వచ్చిన ప్రతిసారీ రాయకూడదు."

ఒక్క చూపులో కనిపించింది తొమ్మిదిమంది. ఇక నడక లెక్క. అందులో నాకు పధ్నాలుగు వచ్చింది. ఎక్కడ తప్పిందా అని చూస్తే, మా పడవ నడిపే పెద్దాయన, ఈ కొత్తవాడు కాగితం పట్టుకుని ఏం చేస్తున్నాడా అని నా వెనకాలే వచ్చాడు. నేను గది గదికీ ఆగినప్పుడల్లా ఆయన్ని రాసుకున్నాను.

"వెనకాల వచ్చేవాణ్ణి లెక్కపెట్టకు. గుర్తుపెట్టుకో" అన్నారు బావగారు.

"గుర్తుపెట్టుకుంటానండి" అన్నాను. ఆ మాట ఎంత తొందరగా అన్నానో అంత తొందరగా మరిచిపోయాను. అన్నట్టు, మా డైరెక్టరుగారు మూడు పద్ధతుల్లో దేనికీ దొరకలేదు. "కొన్ని జాతులు అంతే" అన్నారు బావగారు.

నీళ్ళలోనూ ఇదే తంతు. ఒడ్డున నిలబడి రెండు తాళ్ళతో లాగే పెద్ద వల ఇసుక నేల మీద బాగా పనిచేస్తుంది, రాళ్ళ మధ్యకి వెళ్ళలేదు. నేను యాభై మీటర్ల టేపు అడుగున పరిచి, ఐదు మీటర్లకోసారి ఆగి, చుట్టూ చూసి లెక్క రాసుకుంటాను. రాళ్ళ సందుల్లోవి కనిపిస్తాయి, మనిషంటే బెదిరేవి కనిపించవు. కెమెరాకి బెరుకు చేపలూ వస్తాయి గానీ తిండిపోతులు ముందొస్తాయి. పైగా తోక చిరిగిన ముసలి చేప ఒకటి వచ్చి ఎర ముందు తిష్ఠ వేస్తే ఇంకేదీ దగ్గరికి రాదు. పనేమీ చేయకుండా కదలకుండా కూర్చుంటుంది కాబట్టి మేం దాన్ని డైరెక్టరుగారు అని పిలిచేవాళ్ళం, అసలాయన వినకుండా.

ప్రతి ఏడూ బావగారు ఈ మూడు లెక్కలూ పోల్చి ఎనభై నాలుగు పేజీల నివేదిక రాస్తారు. ప్రతి ఏడూ డైరెక్టరుగారు దాన్ని చేత్తో తూచి అడుగుతారు.

"ఇందులో చేపలెన్ని అండీ?"

"ఎనభై రెండో పేజీ నుంచి ఆ చర్చ మొదలవుతుందండి."

"చర్చ కాదండీ బాబూ, అంకె! పైవాళ్ళు ఒక్క అంకె అడుగుతున్నారు. వాళ్ళ కాగితంలో గడి ఒక్కటే ఉంది!"

"గడి పెద్దది చేయమని రాయండి."

ఇంత చెప్పాక నా ఘనకార్యం చెప్పక తప్పదు. నేను చేరిన ఏడాది, ప్రొబేషన్ ఇంకా రెండు నెలలుందనగా, ఆ ఏటి లెక్క మొదలైంది. బావగారు అఖాతం అవతలి వైపు వల లాగిస్తున్నారు. నేను టేపు లెక్క ముగించుకుని, తడిబట్టలతో మెట్లెక్కుతుంటే డైరెక్టరుగారు ఎదురయ్యారు. ఆయన కనిపించడమే ఒక విశేషం. నన్ను గదిలోకి పిలిచి కుర్చీ చూపించడం ఇంకో విశేషం.

"నువ్వు నీ కళ్ళతో చూసి లెక్కపెట్టావా?"

"చూశానండి."

"ఎన్ని?"

"ఆరువందల పన్నెండు."

"అదీ మాట! ఒక్క ముక్కలో చెప్పాడు. కిందటేడు రెండువందలు కదా? అంటే మూడింతలు!"

మిగతా రెండు లెక్కలూ రావాలండి అని అప్పుడు నేను అనాలి. అనలేదు. కుర్చీ మెత్తగా ఉంది. డైరెక్టరుగారు నా భుజం తట్టారు. ఆరువందల పన్నెండు అప్పుడే ఫోన్లో పైకి వెళ్ళిపోయింది.

వారం తిరక్కుండా పైవాళ్ళ పత్రికలో పడింది, చేపలు మూడింతలయ్యాయని. దాని వెనకాలే ఇంకో కబురు వచ్చింది. ఇన్ని చేపలున్నాయి కాబట్టి రెండు పెద్ద మరపడవల్ని ఒడ్డు దాకా వచ్చి పట్టుకోనిస్తారట. అవి ఒక్కసారి వచ్చాయంటే మా అఖాతంలో మిగిలేవి నీళ్ళే.

ఆ పూటే బావగారు మూడు కాగితాలు బల్ల మీద పరిచారు. వలలో నూట తొంభై. కెమెరాలో ఒక్క చూపుకి గరిష్ఠంగా ముప్ఫై ఒకటి, ప్రతి ఏడూ ఇంచుమించు అంతే. డైవరు లెక్క ఆరువందల పన్నెండు.

"తేడా ఎంత!" అన్నారు. ఆయన కళ్ళల్లో అంత మెరుపు నేనెప్పుడూ చూడలేదు. "నడు, నీళ్ళలోకి దిగుదాం."

ఆయనకి యాభై ఎనిమిదేళ్ళు. డైవింగు సూటు ఆయనకి పన్నెండేళ్ళ కిందట కొలత తీసి కుట్టింది. ఈ పన్నెండేళ్ళలో సూటు పెరగలేదు. జిప్పు వేయడానికి నేనూ పడవ పెద్దాయనా గుమాస్తా, ముగ్గురం పట్టాం. నేను అడుగున టేపు వెంట ఈదాను. ఆయన పైన తేలుతూ, పలకా పెన్సిలూ పట్టుకుని, నన్నే చూస్తూ వచ్చారు. పైకొచ్చాక ముఖానికున్న అద్దం తీసి, ఉప్పునీళ్ళు ఉమ్మి, ఆనందంగా అన్నారు.

"నీ వెనకాల నలభై ఐదు చేపలు ఊరేగింపుగా వస్తున్నాయోయ్!"

"ఎందుకండీ?"

"నువ్వు కాళ్ళాడిస్తుంటే ఇసుక లేస్తోంది. ఇసుకలోంచి పురుగులు లేస్తున్నాయి. అవి భోంచేస్తూ వస్తున్నాయి. నువ్వు ఆగి చుట్టూ చూసినప్పుడల్లా వాటినే రాసుకున్నావు. పదిసార్లు ఆగావు, పదిసార్లు రాశావు."

అంటే నలభై ఐదు చేపల్ని నాలుగువందల యాభై చేశాను. ఒక్కసారే రాస్తే నా లెక్క రెండువందల ఏడు. వలకీ నాకూ తేడా పదిహేడు. చేపలు మూడింతలవ్వడం అటుంచి, ఏమాత్రం పెరగలేదు. వరండాలో పడవ పెద్దాయన నా వెనకాల నడిచినట్టే, నీళ్ళలో నలభై ఐదుమంది నడిచారు.

"ఈ అంకె వెనక్కి తీసుకోవాలి" అన్నారు బావగారు.

"బావగారూ, నా ప్రొబేషన్ ఇంకా పూర్తవలేదు. ఇది నా తప్పని తేలితే ఉద్యోగం ఊడుతుంది."

"అంకె దాచకూడదోయ్" అన్నారు. అంతే. సూటులోంచి ఆయన్ని బయటికి లాగడానికి మళ్ళీ ముగ్గురం పట్టాం. ఈసారి నేను కాస్త గట్టిగానే లాగాను.

ఆ సాయంత్రమే అక్క దగ్గరికెళ్ళి మొరపెట్టుకున్నాను. "మీ ఆయనకి సొంత బావమరిదీ ఒకటే, చేపా ఒకటే. ఆ మనిషి ఎవర్నీ నమ్మడు. ఇరవై ఏళ్ళుగా మూడేసి లెక్కలు ఎందుకనుకున్నావ్? ఎవడు ఎక్కడ తప్పు చేశాడో పట్టుకోవడానికి."

అక్క నింపాదిగా బట్టలు మడతపెడుతోంది. "పైవాళ్ళకి ఉత్తరం రాశారా?"

"ఒకటి కాదు, మూడు రాశారు. టపాలో ఒకటి, మనిషి చేత ఒకటి, ఫోన్లో చదివి వినిపించింది ఒకటి."

"అయితే బాగానే ఉన్నారు" అంది అక్క. "చెయ్యి కడుక్కుని రా, భోంచేద్దువుగాని."

నాకు ఆరోజు ఒక్క కంచమే పట్టింది.

మరపడవలు ఆగిపోయాయి. కానీ పైవాళ్ళకి పరువు పోయింది. పరువు పోతే ఎవరిదో ఒకరి ఉద్యోగం పోవాలి. పది రోజులకి ఒక విచారణాధికారి వచ్చారు, చేతిలో అచ్చేసిన కాగితంతో. అందులో బాధ్యుడి పేరు అని ఒక గడి, పక్కన హోదా అని ఇంకో గడి. డైరెక్టరుగారి గదిలో ఆయనా, బావగారూ, నేనూ. నా చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"తప్పుడు అంకె ఎవరిదండీ? ఒక్క పేరు చెప్పండి, రాసుకుని వెళ్ళిపోతాను" అన్నారు అధికారి, పెన్ను మూత తీస్తూ.

బావగారు గొంతు సవరించుకున్నారు. "మూడు పద్ధతుల్లో విచారించానండి."

డైరెక్టరుగారు తల పట్టుకున్నారు. అధికారికి ఈయన కొత్త. "ఏం తేలింది?" అన్నారు ఆసక్తిగా.

"మొదట, లెక్కపెట్టింది ఎవరని చూశాను. ఒక పేరు వచ్చింది. రెండోది, అలా లెక్కపెట్టేవాడికి పని నేర్పింది ఎవరని చూశాను. నా పేరు వచ్చింది. నీళ్ళలో కాళ్ళు ఎలా ఆడించాలో నేను సరిగ్గా నేర్పలేదు. వరండాలో నేర్పాను, వరండాలో ఇసుక లేవదు. మూడోది, మిగతా రెండు లెక్కలూ రాకముందే పైకి పంపింది ఎవరని చూశాను."

డైరెక్టరుగారికి దగ్గొచ్చింది. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు. నేను మంచినీళ్ళు అందించాను.

"మూడు పద్ధతుల్లో మూడు వేర్వేరు పేర్లండి" అని బావగారు ఎంతో విచారంగా ముగించారు. "తేడా చాలా ఎక్కువగా ఉంది. ఇంత తేడా ఉన్నప్పుడు ఒక్క పేరు రాయడం శాస్త్రీయం కాదు. మూడూ రాయండి, నాకేం అభ్యంతరం లేదు. గడి చిన్నదే గానీ కింద ఇంకో కాగితం అంటించుకోవచ్చు. నా దగ్గర జిగురుంది."

"అబ్బే, మూడెందుకండీ!" డైరెక్టరుగారు నీళ్ళ గ్లాసు దించారు. "ఇది మనుషుల తప్పు కానే కాదు. పద్ధతిలో లోపం. నేను మొదట్నుంచీ అదే అంటున్నాను."

మొదట్నుంచీ అంటే, దగ్గు ఆగిన దగ్గర్నుంచీ అని నేను అర్థం చేసుకున్నాను.

అధికారి బాధ్యుడి పేరు అన్న గడిలో 'పద్ధతి' అని రాశారు. పెన్ను పక్క గడి మీదికి జరిపి ఆగారు. "హోదా ఏం రాయమంటారు?"

"తాత్కాలికం" అన్నారు బావగారు.

అధికారి అదే రాసుకుని వెళ్ళిపోయారు. బావగారు వరండాలోకి వచ్చి, చేతి గడియారమూ, వరండా గోడ గడియారమూ, నా గడియారమూ చూసుకుని, మధ్యది భోజనాల వేళని చెప్పిందని తేల్చుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు మధ్యాహ్నం గుమాస్తా విచారణ ఫైలు నా చేతికిచ్చి, ఇనపబీరువాలో పెట్టి రమ్మన్నాడు. పెట్టి వచ్చేసే ఘటాన్ని కాను నేను. బావగారు రాసిన ఇరవై రెండేళ్ళ నివేదికలు వరసగా ఉన్నాయి. ఒకటి తీసి చివరి పేజీ చూశాను. తర్వాత ఇంకోటి. తర్వాత నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.

ఒక ఏడాది ఇలా ఉంది: 'కెమెరా మూడు రోజులు ఏమీ చూడలేదు. ఈ పద్ధతిలో ఇలాంటి విశ్రాంతి సహజం.' ఆ విశ్రాంతి సంగతి నాకు తెలుసు. మా కెమెరా చూసే ఆవిడ కటకం మీది మూత తీయడం మరిచిపోయి మూడు రోజులు నీళ్ళలో పెట్టింది, ఆవిడే నవ్వుతూ చెప్పింది. ఇంకో ఏడాది: 'ఒక పూట వలలో చేపలకి బదులు పడవ పడింది. వల పద్ధతి పడవల్ని వేరు చేయలేదు.' ఇంకో ఏడాది: 'ఆరో పట్టికలో కొన్ని అంకెల మీద వేడి ద్రవపదార్థం ప్రభావం కనిపించింది. ఆ అంకెల్ని తీసివేయడమైనది.' అది గుమాస్తాగారి ఏడు టీల్లో ఒకటి.

తప్పు అంకె ఒక్కటి కూడా దాచలేదు. ప్రతిదీ కొట్టేసి, పక్కన సరైంది రాసి ఉంది. కానీ ఇరవై రెండు నివేదికల్లో ఎక్కడా మనిషి పేరు లేదు. ప్రతి దాని చివరా ఒకే వాక్యం: 'తేడా పద్ధతులది. వచ్చే ఏడు సరిచూడాలి.' ఆ తప్పులు చేసినవాళ్ళందరూ ఇవాళ్టికీ అవే కుర్చీల్లో కూర్చుని, మా బావగారి చాదస్తాన్ని చూసి నవ్వుకుంటున్నారు. అందరికంటే పెద్దగా నవ్వింది నేనే.

అన్నిటికంటే అడుగున ఇంకో నివేదిక ఉంది. అది బావగారు రాసింది కాదు, ఆయనకి ముందున్నాయన రాసింది. నాలుగే పేజీలు. ఒక్కటే పద్ధతి, ఒక్కటే అంకె. ఆ అంకె పక్కన ఒక మనిషి పేరు, దాని కింద ఎర్రగీత. దాన్ని పట్టుకుని పడవ దగ్గరికి వెళ్ళాను. పెద్దాయన తాడు చుడుతున్నాడు.

"ఈ పేరెవరిది?"

ఆయన ఆ కాగితాన్ని దూరంగా పెట్టి చూశాడు. "ఆ బాబు డైవరు. నీలాగే కొత్త. అంకె తప్పన్నారు. తప్పో ఒప్పో చూడ్డానికి ఇంకో లెక్కేదీ? పంపించేశారు. మీ బావగారు అప్పుడు చిన్న ఉద్యోగి. మర్నాడే ఎక్కడ్నుంచో ఓ చిరుగుల వలా, పాత కెమెరా పట్టుకొచ్చారు. ఇకమీదట మూడు లెక్కలన్నారు. పిచ్చెక్కిందనుకున్నాం."

"ఇప్పుడేమనుకుంటున్నారు?"

"ఇప్పుడూ అంతే అనుకుంటున్నాం. కాకపోతే ఆ పడవ వల్లో పడింది ఒక్కసారి కాదు బాబూ, నాలుగుసార్లు" అన్నాడు పెద్దాయన, తాడు ముడి బిగిస్తూ.

ఆ సాయంత్రం బావగారు పిల్లల పెన్సిళ్ళని పొడవు ప్రకారం ఒకసారీ, బరువు ప్రకారం ఒకసారీ లెక్కకడుతున్నారు. పక్కన కూర్చున్నాను. నాకు సిగ్గుగా ఉంది.

"బావగారూ, ఇవాళ ఇనపబీరువా చూశాను."

"ఎన్ని నివేదికలున్నాయి?"

"ఇరవై మూడు."

"ఏ పద్ధతిలో?"

"నేను మిమ్మల్ని చాలా మాటలన్నానండి. అక్క దగ్గర."

"తెలుసు. మీ అక్క చెప్పింది, మా అమ్మాయి చెప్పింది, నువ్వు ఇప్పుడు చెప్పావు" అన్నారు, ఒక పెన్సిల్ని వెలుతురుకి పెట్టి చూస్తూ. "అంకె దాచకూడదోయ్. మనిషిని కాస్త పక్కకి జరిపితే చేపలేం తగ్గవు. ఏదీ, ఆ రబ్బరిటివ్వు."

రెండు నెలలకి నా ఉద్యోగం ఖాయమైనట్టు ఉత్తరం వచ్చింది. కవరు చింపీ చింపకుండా పరుగెత్తుకుంటూ అక్కావాళ్ళింటికి వెళ్ళాను. బావగారు వాలుకుర్చీలో పేపరు చదువుతున్నారు.

"బావగారూ, ఉద్యోగం ఖాయమైంది! ఉత్తరం వచ్చింది!"

ఆయన పేపరు దించలేదు. "ఉత్తరమా? అది ఒక్క పద్ధతేగా" అన్నారు.

అక్క వంటింట్లోంచి తొంగిచూసింది. "ఆ బింకం నమ్మకురా. నీ ఉత్తరం ఇవాళ వచ్చిందేమో గానీ, ఈయన మొన్ననే పై ఆఫీసుకి ఫోన్ చేసి అడిగారు. నిన్న పనిగట్టుకుని స్టోరుకెళ్ళి, ఖాయమైనవాళ్ళకిచ్చే కొత్త సూట్ల జాబితాలో నీ కొలత ఉందో లేదో చూసొచ్చారు. మూడోది ఇంకా రాలేదని రెండు రోజుల్నుంచీ తిండి లేదు."

నేను ఉత్తరాన్ని పేపరుకీ ఆయన ముక్కుకీ మధ్య పెట్టాను. చివరిదాకా చదివారు. సంతకం చదివారు. వెనక్కి తిప్పి ముద్ర చూశారు.

"తేడా ఎంతండీ?" అన్నాను.

"తేడా లేదోయ్. మూడూ ఒకటే చెబుతున్నాయి."

"మూడూ ఒకటే చెప్పాయా? కూడబలుక్కున్నాయేమో బావగారూ, జాగ్రత్త."

ఆయన ఉత్తరాన్ని మడతపెట్టి నా జేబులో పెట్టి, పైనుంచి ఒకసారి తట్టారు.

"కూడబలుక్కుంటే కూడబలుక్కున్నాయిలే. ఈ ఒక్కసారికీ నమ్మేద్దాం" అని, లోపలికి తిరిగి కేకేశారు. "ఏమేవ్, కంచాలు పెట్టు. వీడికి మూడు."